చేదు పోసిన ఆదివారం

రోటి చుట్టూ రాలిన పుల్లలు ఊడుస్తూ ఒకదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఆకులు దూసేసిన రెమ్మ అది. వేప రెమ్మకు నడుమ ఒకే ఈనె ఉంటుంది, దానికి అటూ ఇటూ ఆకులు వస్తాయి. నా చేతిలో ఉన్నదానికి పెద్ద ఈనె నుంచి చిన్న ఈనెలు చీలి ఉన్నాయి. ఆకులు తెంపిన గుర్తులు ఆ చిన్న ఈనెల మీద కనిపించాయి. ఇంకో పుల్ల తీసి చూశాను. అదీ అట్లాగే ఉంది.

తల ఎత్తి అరుగు వైపు చూశాను. అత్తమ్మ ఉగ్గుగిన్నెలోకి రెండోసారి కషాయం వంచుతోంది. మా పాప ముక్కు మూసుకొని నోరు తెరిచింది. దాని పక్కన మా బాబు తన వంతు ఎప్పుడో తాగేసి, బెల్లం ముక్క చప్పరిస్తూ కూర్చున్నాడు.

చీపురు ఎక్కడ పడేశానో గుర్తు లేదు. పాప నోట్లో చుక్క పడకముందే గిన్నె లాక్కున్నాను. కషాయం అత్తమ్మ చీర మీద ఒలికింది.

"ఏందే, గట్ల గుంజుకుంటివి? పరగడుపున తాగాలె. పొద్దెక్కుతున్నది."

"ఇది వేప కాదు అత్తమ్మా."

"వేప కాదా? మరేంది, చింతనా?" అని ఆమె నవ్వింది. "నాలిక మీద ఏసుకొని సూసినంక నూరిన. ఇప్పటికీ గొంతుల చేదే ఉన్నది."

మా అత్తగారింట్లో తొలకరి పడ్డాక ఏదో ఒక ఆదివారం పిల్లలకు చేదు పోస్తారు. కొత్త నీళ్లు వచ్చే కాలం, కడుపులో నట్టపురుగులు పెరిగే కాలమని ఆ ఏర్పాటు. వేప చెక్క, లేత ఆకు కలిపి దంచి, నీళ్లు సగానికి సగం ఇగిరేదాకా కాచి వడగడతారు. దాంట్లో ఒక పద్ధతి ఉంది. ముందు అందరికంటే చిన్నవాళ్లకు పోయాలి. పెద్దపిల్లలు తాగి మొహం వికారంగా పెడితే, చూసి చిన్నవాళ్లు పారిపోతారు కదా. అందుకే ఆ పొద్దు ముందు తాగింది బాబు. వాడికి అప్పుడు మూడేళ్లు కూడా నిండలేదు.

అత్తమ్మ మందులంటే నాకు చిన్నచూపు ఏనాడూ లేదు. నా రెండు కాన్పుల తర్వాతా వేపాకు మరిగించిన నీళ్లతో ఆమే స్నానం చేయించింది. పాపకు అమ్మవారు పోసినప్పుడు చాప మీద లేత మండలు పరిచి పడుకోబెట్టింది. గోళ్లతో గీరుకోకుండా, దురద పుట్టినచోటల్లా వేపరెమ్మతో మెల్లగా రాసింది. గజ్జికి ఆకు, పసుపు. చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఎండబెట్టి దంచిన లోపలి చెక్క పొడి. విడిచి విడిచి వచ్చే జ్వరానికి అదే చెక్క మిరియాలతో కలిపి. బియ్యం డబ్బాలో ఎండుటాకు, సాయంత్రం దోమలకు దాని పొగ. చెక్క తీయడానికి కూడా ఆమెకు ఒక నీతి ఉండేది. మొదలు నుంచి తీయగూడదు. పక్క కొమ్మ మీద అరచేతి మందం తీసి, గాయానికి పేడ మెత్తి రావాలి. చెట్టు చుట్టూ తీస్తే చెట్టు చస్తుందని నేను డిగ్రీ బాటనీలో చదువుకున్నాను. ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలుసు.

అయితే అది మా ఇంటి ముందు వేపచెట్టు ఉన్నప్పటి సంగతి. మా ఊరు చిన్న మంగళారం చుట్టూ చేలు ప్లాట్లుగా, ఫామ్‌హౌసులుగా మారుతున్న రోజులవి. మా ఇంటి వెనక చేను వెంచర్ అయినప్పుడు లారీలు తిరగడానికి బాట వెడల్పు చేశారు. చెట్టు పోయింది. ఆ తర్వాత అత్తమ్మ వాగు పక్కనున్న చెట్టు దాకా నడిచి వెళ్లి తెచ్చుకునేది. ఆ యేడు ఆమె కళ్లకు పొర వచ్చింది. మనిషిని గొంతును బట్టి పోల్చుకుంటోంది. ఆపరేషన్ వానలు తగ్గాక చేయిద్దామని అనుకున్నాం. అందుకని ముందురోజు సాయంత్రం గంప ఇచ్చి పాపను పంపింది. పాపకు ఏడేళ్లు. ఎవరైనా పని చెబితే తాను పెద్దదాన్నైపోయానని సంతోషపడే వయసు.

"ఏడికెళ్లి తెచ్చినవ్ బిడ్డా?" అని ఇప్పుడు పాపను అడిగాను.

"వేపచెట్టుదే అమ్మా."

"వాగు కాడిదా?"

పాప నానమ్మ వైపు చూసింది. "వాగు దాక పోలే. ఫామ్‌హౌస్ గేటు కాడ కొమ్మలు నరికి ఏసిన్రు. చెక్క గూడ ఊడి పడ్డది. ఊదా పూలు పూస్తది సూడు, ఆ వేపచెట్టు."

వేపకు ఊదా పూలు పూయవు. తెల్లగా, సన్నగా ఉంటాయి. ఆ చెట్టు పేరు తురకవేప. త్వరగా పెరుగుతుందని, నీడకు, పూలకు బాగుంటుందని నర్సరీల నుంచి తెచ్చి ఫామ్‌హౌస్‌ల గోడల వెంట పెట్టారు. మాకు కాలేజీలో దానికీ వేపకూ తేడాలు రాయమని పరీక్షలో ఇచ్చేవారు. ఆకు చీలిక గురించి రాస్తే మార్కులు వచ్చేవి. దాని కాయ, చెక్క విషమని, పశువులు తిని పడిపోతాయని మేడం ఒకసారి అన్నది నాకు గుర్తుంది. ఎంత తింటే విషం? ఉగ్గుగిన్నెడు కషాయం పిల్లవాణ్ని ఏం చేస్తుంది? అదెవరూ చెప్పలేదు. చెప్పినా నేను వినలేదేమో.

అత్తమ్మ పాప మాట విని నా చేతిలోంచి గిన్నె తీసుకున్నది. తర్వాత గిన్నె కడుగుతూ, "అది గూడ వేపల జాతే గదనే," అన్నది. "పెద్దోళ్ల తోటల వేప. కడుపుల పురుగు చావడానికి చేదు కావాలె. చేదు ఎవ్వల చెట్టుదైతేంది?"

"దవాఖానకు తీస్కపోదాం అత్తమ్మా."

"పిలగాడు మంచిగ ఆడుతుంటే దవాఖానకు పోయి ఏమని చెప్తవు? నీకు అన్నిటికీ ఫికరే. మొన్న ఆడుకునే గోలీ మింగిండని ఆగమాగం ఉరికినవ్. కడుపుకు ఫోటువ తీయించినవ్. గోలీ ఏడ దొరికె? మంచం కింద."

పాప కిసుక్కున నవ్వింది. ఆమె అన్నది నిజమే. నేను భయపడే మనిషిని. పిల్లలు ఎక్కువసేపు నిద్రపోతే భయం, తక్కువ నిద్రపోతే భయం. ఇది రాయడానికి కూర్చునే ముందు కూడా లేచి వెళ్లి ఇద్దరి ముక్కుల దగ్గర వేలు పెట్టి చూసి వచ్చాను. ఎప్పుడూ భయపడేవాళ్లకు ఒక కష్టం ఉంది. నిజమైన భయం వచ్చినప్పుడు అది మిగతా భయాల్లాగే కనిపిస్తుంది. ఎదుటివాళ్లకే కాదు, మనకు కూడా. ఆ పొద్దు నేను పుల్ల చేతిలో పట్టుకొని, ఇది మళ్లీ గోలీ సంగతేనేమో అని ఆలోచిస్తూ చాలాసేపు నిలబడ్డాను.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఆయన కాల్ సెంటర్ వాళ్లను ఇళ్ల నుంచి మాదాపూర్‌కు, మాదాపూర్ నుంచి ఇళ్లకు చేర్చే క్యాబ్ నడిపేవాడు. మా చేను అమ్మిన డబ్బుతో కొన్న బండి. ఆ ఆఫీసులకు ఆదివారం లేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. బండి నడుపుతుంటే ఎత్తడు.

బాబు పాత సైకిల్ టైరును కట్టెతో కొడుతూ వాకిట్లో తిరుగుతున్నాడు. నేను గడపలో కూర్చొని వాణ్నే చూస్తున్నాను. కొంతసేపటికి టైరు పడిపోయింది. వాడు దాన్ని లేపలేదు. వచ్చి నా ఒళ్లో తల పెట్టాడు. చొంగ నా చేతి మీద కారింది. "ఏమైంది నాన్నా?" అంటే, "కడుపు" అన్నాడు. లేపి నిలబెట్టాను. అడుగు వేయబోయి పక్కకు తూలాడు. ఇంకో అడుగు వేసి కూలబడ్డాడు. తర్వాత కక్కుకున్నాడు. బెల్లం వాసన వచ్చింది.

అత్తమ్మ తడుముకుంటూ వచ్చింది. వాడి మొహం, మెడ, పొట్ట నిమిరింది. 

"ఆటో పిలువు," అన్నది. "జల్ది పిలువు బిడ్డా."

పిల్లలను చూసే డాక్టరమ్మ చేవెళ్లలో ఉండేది. ఆటోలో అత్తమ్మ వాణ్ని ఒళ్లో పెట్టుకున్నది. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పాప కూడా మాతో వచ్చింది. దారిలో వాడు మళ్లీ కక్కాడు. కళ్లు మూతలు పడుతుంటే నేను చెంపల మీద తడుతున్నాను. నిద్రపోనీయకూడదని ఎక్కడ విన్నానో తెలియదు, ఏదో ఒకటి చేయాలి కాబట్టి చేస్తున్నాను. పాప మూలకు ఒదిగి, నా చేతిలో ఉన్న పుల్లను చూస్తోంది.

దవాఖానలో కాంపౌండర్ ఏం తాగించారని అడిగాడు. నేను చెప్పేలోపే అత్తమ్మ, "వేప చెక్క, వేపాకు" అన్నది. నోటి అలవాటు.

"వేపకు గింత భయపడితే ఎట్ల అక్కా," అన్నాడు అతను, వాడి చేయి పట్టుకొని సూది కోసం నరం వెతుకుతూ. "మా అయ్య దినాం పొద్దుగాల పిడికెడు నములుతడు. రాయి లెక్క ఉన్నడు."

"వేప కాదన్నా, వేప లెక్క ఉండే వేరే చెట్టు," అని పుల్ల చూపించాను. ఈనెలు చూపించి చెప్పాను. నా మాటలు నాకే పరీక్షలో జవాబులాగా వినిపించాయి. అతను పుల్లనూ నన్నూ చూసి డాక్టరమ్మను పిలిచాడు.

డాక్టరమ్మ పుల్ల తీసుకొని చూసింది. చెట్టు సంగతి తనకు తెలియదన్నది. కానీ నేను చెప్పింది ఆసాంతం విన్నది. ఎంత తాగాడో, ఎప్పుడు తాగాడో అడిగింది. కళ్లలో టార్చి వేసి చూసింది. సెలైన్ పెట్టించింది. ఎవరికో ఫోన్ చేసి, చాలాసేపు ఇంగ్లిషులో మాట్లాడి వచ్చింది.

"దీనికి విరుగుడు అంటూ ఏదీ లేదమ్మా. ఒంట్లో నీళ్లు తగ్గకుండ చూసుకోవాలె, కనిపెట్టుకొని ఉండాలె. సాయంత్రం దాకా ఇక్కడనే ఉంచుదాం. ఫిట్స్ గిట్ల వస్తే మాత్రం సిటీకి తీస్కపోవాల్సి ఉంటది. బండి చూసి పెట్టుకోండ్రి."

బండి మా ఆయన దగ్గరే ఉంది. ఈసారి ఫోన్ ఎత్తాడు. నేను ఏం చెప్పానో, ఎట్లా చెప్పానో, వస్తున్నానని మాత్రం అన్నాడు.

బాబు వేళ్లు వణుకుతున్నాయి. సూది గుచ్చిన చేతికి అట్ట కట్టారు. రెండో చెయ్యి దుప్పటి మీద ఉంది. ఆ వేళ్లు వాటంతట అవే ఆడుతున్నాయి. దానికే ఫిట్స్ అంటారేమోనని ప్రతిసారీ లేచి కాంపౌండర్ దగ్గరికి వెళ్లాను. "గది కాదక్కా, గది వస్తే నీకే తెలుస్తది," అన్నాడు. అప్పుడు అతని గొంతులో నవ్వు లేదు. నేను ఆ చేతిని పట్టుకున్నాను. పట్టుకుంటే వణుకు కనిపించదు, తెలుస్తుంది. వదిలేస్తే కనిపిస్తుంది. ఏది మేలో తేల్చుకోలేకపోయాను.

మా ఆయన మిట్టమధ్యాహ్నం వచ్చాడు. యూనిఫాం చొక్కాతోనే వచ్చాడు. మంచం దగ్గర నిలబడి కొడుకును చూశాడు. వాడు కళ్లు తెరవలేదు. ఆయన అత్తమ్మ వైపు తిరిగాడు.

"నీకు ఎన్నిసార్లు చెప్పిన అవ్వా? కండ్లు కనబడయి, నీకెందుకు ఈ మందులు? మందుల దుకాణంల గోలీ దొరకదా?"

అత్తమ్మ నేల మీద కూర్చొని ఉంది. 

"ఎవ్వలు తెచ్చిన్రు ఆ ఆకు? ఇంటి ముంగట చెట్టే లేకపాయె. ఎవ్వలు తెచ్చిన్రు అంటున్న!"

గోడకు ఆనుకొని ఉన్న పాప నా కొంగు పట్టుకుంది. నేను నోరు తెరిచాను. ఏం చెబుదామని తెరిచానో ఇప్పటికీ తెలియదు. కానీ నాకంటే ముందే అత్తమ్మ మాట్లాడింది.

"నేనే తెంపిన. ఫామ్‌హౌస్ కాడ. సరిగ కనబడలే."

"నువ్వా? అంత దూరం నువ్వు పోయినవా?"

"పోయిన. గోడ వట్టుకొని పోయిన. నా పోరడా, నన్ను కొడ్తవా? కొట్టు."

ఆయన కొట్టే మనిషి కాదు. కానీ ఆ రోజు అన్న మాటలు తక్కువవి కావు. కడుపున పుట్టినవాడు తల్లిని అనగూడనివి కొన్ని అన్నాడు. చివరికి, "ఇగ నా పిల్లల నోట్లె నీ చేతితోని ఏది వెట్టకు. అన్నం గూడ," అన్నాడు. అత్తమ్మ మా ఇంట్లో పిల్లలకు రోజూ రెండు పూటలా అన్నం కలిపి ముద్దలు పెట్టే మనిషి. ఆమె లేచింది. మనవడి కాళ్ల మీద చేయి వేసింది. తర్వాత, ఇంట్లో బర్రె ఉన్నది, పాలు పిండాలె అని, షేరాటో ఎక్కిస్తే వెళ్లిపోతానన్నది. కాంపౌండర్ రోడ్డు దాకా చేయి పట్టుకొని తీసుకెళ్లాడు.

నేను చెప్పలేదు. కొడుకు మీదే ఉంది నా ప్రాణమంతా. ఇంకో మాట ఎత్తే బలం లేదు. ఆయన కోపం పాప మీదికి మళ్లితే ఏమవుతుందోననే భయం కూడా ఉంది. అత్తమ్మ తన మీద వేసుకున్నది ఆ భయంతోనే అని నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

పొద్దు వాలే వేళకు బాబు వేళ్లు ఆగాయి. ముందు నేను నమ్మలేదు. చేయి వదిలి చూశాను, పట్టుకొని చూశాను. ఆగాయి. కొంతసేపటికి మంచం తడిపాడు. డాక్టరమ్మ వచ్చి, ఒంట్లో నీళ్లు నిలబడ్డాయి, మంచిదే అన్నది. రాత్రికి కూడా ఇక్కడే ఉంచమన్నది. మా ఆయన బయట బండిలో పడుకున్నాడు. పాపకు కాంపౌండర్ ఇడ్లీ తెచ్చి ఇచ్చాడు. పొట్లం విప్పి, మళ్లీ మూసి, కిటికీలో పెట్టింది. "తిను బిడ్డా" అంటే, "ఆకలైతలేదు" అన్నది. దవాఖానకు వచ్చాక అది ఆడిన మాట అదొక్కటే.

వాడి పక్కన కూర్చున్నానే గానీ ఆలోచన అంతా పాప గురించే. తెచ్చింది తానని దానికి తెలుసు. "నేనే తెంపిన" అని నానమ్మ చెప్పగా కూడా విన్నది. నాన్న నానమ్మను ఎన్ని మాటలన్నాడో చూసింది. ఇప్పుడు నేను ఏమీ అనకపోతే ఆ అబద్ధం అట్లాగే గట్టిపడుతుంది. దానికి తిట్లు తప్పుతాయి. నానమ్మ చేతి ముద్ద కూడా తప్పుతుంది. తన తమ్ముడికి అట్లా అయింది తనవల్లే అని, ఎవరూ అనకపోయినా, తనలో తాను అనుకుంటూ పెరుగుతుంది. నేను నిజం చెబితే, ఏడేళ్ల పిల్ల మీద ఆ బరువు నా నోటితోనే పెట్టినట్టు అవుతుంది. ఎటు చూసినా నాకు భయమే కనిపించింది. ఒకటి మాత్రం తేలింది. భయం వల్ల నేను ఊరుకుంటే దాని ఖర్చు అత్తమ్మ మీద పడుతోంది.

తెల్లవారాక బాబు లేచి కూర్చున్నాడు. చేతికి కట్టిన అట్టను చూసి ఊడదీయమన్నాడు. తర్వాత చుట్టూ చూసి, "నానమ్మేది?" అని అడిగాడు. పాప మొహం గోడకు తిప్పుకుంది.

నేను దాన్ని మంచం మీదికి లాగి ఇద్దరినీ దగ్గరికి తీసుకున్నాను.

"ఆకు తెచ్చింది నువ్వే బిడ్డా," అన్నాను. "బాపు తిడుతడని నానమ్మ తన మీద ఏసుకున్నది. అది వేప కాదని నీకు తెల్వదు. ఆమెకు కనబడలే. నేను ముందే చూసి ఉంటే ఆపుదును, నేను గూడ చూడలే. తమ్మునికి ఏం గాలే, సూడు, లేచి కూసున్నడు. కానీ తప్పంత నానమ్మదని బాపు అనుకుంటున్నడు. గది నిజం కాదు గదా?"

అది తల అడ్డంగా ఊపింది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మరి బాపుకు చెప్పాలె. ఇప్పుడే, బండి కాడికి పోయి చెబుదాం. కోపం జేస్తడేమో. జేయనియ్యి. నేను నీ చెయ్యి ఇడిసిపెట్ట."

"నానమ్మ మల్ల అన్నం పెడ్తదా?"

వెంటనే అవునని చెప్పాలనిపించింది. ఆయన ఏమంటాడో, అత్తమ్మ ఇక ముద్ద కలుపుతుందో లేదో నాకే తెలియదు.

"అడుగుదాం," అన్నాను. "ఇంటికి పోంగనే మీరిద్దరూ ఆకలైతున్నదని ఆమెనే అడుగుండ్రి. నేను అన్నం వండి ఆమె ముంగట పెడ్త."